థాయ్ పిల్లలు ఇంగ్లీషు రాక ఆగిపోరు

బ్యాంకాక్, పట్టాయా తిరిగొచ్చిన మనవాళ్లని ఎవరిని కదిపినా ఒక మాట ఖాయంగా వస్తుంది. "తిండి బాగుంది, రోడ్లు బాగున్నాయి, కానీ వాళ్లకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదండీ, రేటు అడిగితే కాలిక్యులేటర్ మీద నొక్కి మన మొహం ముందు పెడతారు." 2023 నవంబరులో మనకి వీసా అక్కర్లేదన్న దగ్గర్నుంచి వెళ్లేవాళ్లు పెరిగారు, ఈ మాటా పెరిగింది. దీనికి తోడు ఈఎఫ్ అనే సంస్థ దేశాల ఇంగ్లీషుకి ఏటా ఇచ్చే ర్యాంకులు. 2024 జాబితాలో 116 దేశాల్లో థాయ్‌లాండ్‌ది 106వ స్థానం. ఆ పరీక్ష ఆసక్తి ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో రాసుకునేది, దాన్ని పట్టుకుని దేశం మొత్తానికి మార్కులు వేయకూడదు. అయినా ర్యాంకు రాగానే అక్కడి పేపర్లు, ఫేస్‌బుక్ పేజీలు తలలు బాదుకుంటాయి.

చదువు కోసం నేను కొన్నేళ్లు బ్యాంకాక్‌కి ఉత్తరాన పతుమ్ థానిలో ఉన్నాను. రంగ్‌సిత్ దాటాక ఆ రోడ్డు పొడుగునా యూనివర్సిటీలే. మన పిల్లలు కొందరు వెళ్లే ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అక్కడే ఉంది, దాని పక్కనే తమ్మసాత్ యూనివర్సిటీ క్యాంపస్. క్యాంటీన్లో, వ్యాన్లలో, రాత్రి మార్కెట్లో నాకు దొరికిన స్నేహితులు ఎక్కువగా థాయ్ విద్యార్థులే, నాకు వచ్చిన ఆ కాస్త థాయ్ నేర్పింది కూడా వాళ్లే. లైన్ యాప్‌లో నాకు పేరాలకి పేరాలు శుభ్రమైన ఇంగ్లీషులో మెసేజ్ పెట్టే అమ్మాయి ఒకామె ఉండేది. లిఫ్టులో ఒక తెల్ల ప్రొఫెసరు "హౌ వాజ్ యువర్ వీకెండ్?" అని అడిగితే ఆమె నవ్వి, తల వంచి, ఫోన్‌లోకి వెళ్లిపోయింది. జవాబు తెలియకనా? ముందురోజు రాత్రే ఆ వీకెండ్ సంగతంతా నాకు ఇంగ్లీషులో టైప్ చేసి పంపింది, అందులో రెండు జోకులు కూడా ఉన్నాయి. వచ్చిన మాటే గొంతు దగ్గర ఆగిపోతోంది. ఎదుట వింటున్నది ఎవరు, పక్కన వింటున్నది ఎవరు అన్నదాన్ని బట్టి అది ఆగుతుందని నా వాదన. గ్రామరు, వొకాబులరీ సంగతి ఆ తర్వాత.

బడి గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో మనకి తెలియనిదేమీ లేదు. ఇంగ్లీషు అక్కడ ఒకటో తరగతి నుంచే ఉంది, పన్నెండేళ్లు చదువుతారు. నలభై, యాభై మంది ఉన్న క్లాసులో ఇంగ్లీషు వ్యాకరణాన్ని థాయ్‌లో చెప్తారు, పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తు పెడతారు. పన్నెండో తరగతి చివర జాతీయ స్థాయిలో రాసే ఓ-నెట్‌లో ఇంగ్లీషు సగటు చాలా ఏళ్లు వందకి ముప్పై చుట్టూనే తిరిగింది. టీచర్లని మార్చాలి, సిలబస్ మార్చాలి అని అందరూ అనే మాట అబద్ధం కాదు. కానీ మంచి మార్కులు వచ్చినవాళ్లు కూడా ఎందుకు నోరు తెరవరో ఆ మాట చెప్పదు.

అసలు చిక్కు ఉచ్చారణ దగ్గర మొదలవుతుంది. థాయ్‌లో మాట చివర నిలబడే హల్లులు చాలా తక్కువ. ల, ర, స లాంటివి చివర్లో పలకవు. అందుకే బిల్ కాస్తా 'బిన్' అవుతుంది, మెక్‌డొనాల్డ్స్ 'మేక్‌దొనాన్' అవుతుంది, పైగా ప్రతి అక్షరానికీ థాయ్ స్వరం, అంటే గొంతు ఎత్తుదింపు, ఒకటి తగులుతుంది. మనం బస్సు, రోడ్డు, కారు అని చివర ఉకారం తగిలించి సొంతం చేసుకున్నాం, వాళ్లు చివర కత్తిరించి సొంతం చేసుకున్నారు. బ్యాంకాక్ ట్యాక్సీ ఎక్కి "సెంట్రల్ వరల్డ్" అని మన కాన్వెంటు ఇంగ్లీషులో చెప్తే డ్రైవరు అయోమయంగా చూస్తాడు, "సెన్‌తన్ వోన్" అంటే బండి కదులుతుంది. ఇంతవరకూ సరదాగానే ఉంటుంది. కానీ ఒక థాయ్ అమ్మాయి స్నేహితులతో థాయ్ మాట్లాడుతూ మధ్యలో వచ్చిన ఇంగ్లీషు మాటని ఇంగ్లీషువాళ్లలా పలికిందనుకోండి, వెంటనే 'క్రదె' అనేస్తారు. మన దగ్గర "స్టైల్ కొడుతోంది", "నిన్ననే అమెరికా నుంచి దిగినట్టుంది మహాతల్లి" అంటామే, ఆ బాపతు ఎత్తిపొడుపు. ఊరికే ఏడిపించడం అనుకుంటాం గానీ అందులో నువ్వు మాలో మనిషివి కావు అన్న వెలి కూడా ఉంటుంది, పదిహేనేళ్ల పిల్లకి అంతకన్నా పెద్ద శిక్ష లేదు. సరిగ్గా పలకడం వచ్చిన కుర్రాడు, నాతో విడిగా ఉన్నప్పుడు చక్కగా పలికే కుర్రాడు, తన గుంపు మధ్య అదే మాటని కావాలని థాయ్ యాసలోకి దించడం నేను చూశాను.

ఇప్పుడు అదే కుర్రాణ్ని ఒక బ్రిటిష్ టీచరు ముందు నిలబెట్టండి. అక్కడ ఆ థాయ్ యాసే అడ్డం పడుతుంది. ఎదుటివాళ్లు "సారీ?" అంటారు, మళ్లీ చెప్తే "వాట్?" అంటారు, మూడోసారి చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? సరిగ్గా పలికితే సొంతవాళ్లు ఏడిపిస్తారు, పలక్కపోతే పరాయివాళ్లు మొహం చిట్లిస్తారు. ఇద్దరి మధ్యా ఇరుక్కున్న పిల్లలకి మిగిలింది నవ్వి ఊరుకోవడం. ఆ నవ్వుని చూసి టూరిజం వాళ్లు చిరునవ్వుల దేశం అని పోస్టర్లు వేసుకున్నారు. కొత్తగా వచ్చిన విదేశీ టీచరైతే "నేను సీరియస్‌గా అడుగుతుంటే ఇకిలిస్తారేంటి" అని నొచ్చుకుంటాడు. రెండూ ఆ నవ్వుని చదవలేకపోవడమే.

యాసని మించిన కష్టం ఇంకోటుంది, తెలుగువాళ్లకి అది ఇట్టే అర్థమవుతుంది. థాయ్‌లో ఎదుట ఎవరున్నారో తేలితే గానీ "నేను" అనడానికి కూడా వీల్లేదు. మగపిల్లలు మర్యాదగా 'పొమ్' అంటారు, ఆడపిల్లలు పెద్దవాళ్ల ముందు 'నూ' అంటారు, చాలామంది "నేను" బదులు తమ ముద్దుపేరే వాడేస్తారు. ఎదుటివాళ్లు కాస్త పెద్దయితే 'పీ', చిన్నయితే 'నాంగ్', వాక్యం చివర ఆడవాళ్లకి 'ఖా', మగవాళ్లకి 'ఖ్రప్'. మన అన్నా, అక్కా, గారూ, అండీ అన్నీ లాగేసుకుని ఐ, యూ అని రెండంటే రెండు ముక్కలు చేతిలో పెట్టి మాట్లాడమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తాత వయసు ప్రొఫెసర్ని 'యూ' అనాలి. అందుకే పేరు పెట్టి పిలవలేక "టీచర్, టీచర్" అంటారు, అందుకే "యెస్ ఖా", "థ్యాంక్యూ ఖ్రప్" అని ఇంగ్లీషుకి తమ మర్యాదని అతికిస్తారు. దీన్ని తప్పని దిద్దే టీచర్లంటే నాకు ఒళ్లు మంట. ఆ 'ఖా' తీసేస్తే ఆ అమ్మాయికి తాను పొగరుగా మాట్లాడినట్టు వినిపిస్తుంది. మన ఇంటికొచ్చిన పెద్దాయన్ని "నువ్వు కూర్చో" అనమంటే మనం అనగలమా?

ఇంకో ముచ్చట. కొత్త విదేశీయుడు కనబడితే థాయ్ విద్యార్థులు తొందరగా అడిగే ప్రశ్న "హౌ ఓల్డ్ ఆర్ యూ?" యూరప్ వాళ్లు దీనికి బిక్కమొహం వేస్తారు, నా వయసుతో మీకేం పని అంటారు. పని ఉంది. వయసు తెలిస్తేనే ఎదుటి మనిషి పీనో నాంగో తేలుతుంది, అది తేలితే తాను ఎవరో తేలుతుంది, అప్పుడు గొంతు పెగులుతుంది. నేను అడిగిన వెంటనే వయసు చెప్పేసేవాణ్ని, ఆ మరుక్షణం నుంచి పీ అయిపోయేవాణ్ని, మాటలు ఇంగ్లీషులోనే సాగినా ఆ పీ మాత్రం పోయేది కాదు. దానికి తోడు 'క్రెంగ్ జాయ్' అని ఒకటుంది, మన మొహమాటానికి దగ్గరి చుట్టం. ఎదుటివాళ్లని ఇబ్బంది పెట్టకూడదు, వాళ్ల టైం తినకూడదు. అర్థం కాలేదు మళ్లీ చెప్పండి అనడం కూడా ఆ లెక్కలో ఇబ్బంది పెట్టడమే, అందుకే అర్థం కాకపోయినా తల ఊపేస్తారు. తర్వాత పని తప్పు చేసి తిట్లు తింటారు.

మా క్యాంటీన్లో ఒకతను ఉండేవాడు. థాయ్‌లో నోరు విప్పితే బల్ల చుట్టూ అందరూ పొట్ట పట్టుకునేవాళ్లు. అతన్నే ఒకసారి అడిగాను, మా విదేశీ బ్యాచ్‌తో ఎందుకు కూర్చోవని. "థాయ్‌లో నేను జోకులేసేవాణ్ని పీ, ఇంగ్లీషులో ప్రశ్నలకి జవాబులు చెప్పేవాణ్ని" అన్నాడు. ఈ సమస్య గురించి నేను విన్న మాటల్లో ఇంత సూటిగా ఉన్నది ఇంకోటి లేదు. రాని భాష మాట్లాడితే తప్పులు దొర్లుతాయన్న భయం ఒకటే అయితే అభ్యాసంతో పోతుంది. తన తెలివి, తన హాస్యం, తన పెద్దరికం అన్నీ బయట వదిలేసి ఏడేళ్ల పిల్లాడిలా లోపలికి వెళ్లాలంటే ఎవరు వెళ్తారు? మన దగ్గర ఊళ్లో లెక్చర్లు దంచే మనిషి హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆసుపత్రి రిసెప్షన్ ముందు ఎలా కుంచించుకుపోతాడో అందరం చూసిందే.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచను. కొందరికి ఇంగ్లీషులోనే ఊపిరాడుతుంది. పీ, నాంగ్ లేని భాషలో సీనియర్‌తో "ఐ డోంట్ అగ్రీ" అనడం సులువు. కోపం వచ్చిందని థాయ్‌లో చెప్తే గొడవ, ఇంగ్లీషులో చెప్తే కబురు, అలా ఉంటుంది. ముఖ్యంగా ఆడపిల్లలు కొందరు ఇంట్లో చెప్పలేని సంగతులు ఇంగ్లీషులో చెప్పేవాళ్లు, ఆ మాటలు తమవి కావన్నట్టు, కాబట్టి అంత బరువు ఉండదన్నట్టు.

రెండు గ్లాసుల బీరు పడ్డాక ఇంగ్లీషు గలగలా వచ్చేస్తుందని అక్కడి కుర్రాళ్లు నవ్వుతూ చెప్తారు. ఇది ఊరి కబురే కాదు, దీని మీద ప్రయోగమే జరిగింది. 1972లో అలెగ్జాండర్ గియోరా బృందం అమెరికన్లకి కొద్దికొద్దిగా మద్యం పట్టించి, వాళ్లకి తెలియని భాషలో మాటలు అనిపించి ఉచ్చారణకి మార్కులు వేసింది. కొంచెం తాగినవాళ్లు బాగా పలికారు, మోతాదు పెరిగాక చెడింది. వాళ్లు పలకాల్సిన ఆ పరాయి భాష ఏదో తెలుసా? థాయ్! అంటే థాయ్ మాట నోట్లో పెట్టుకోవడానికి అమెరికావాడికి ఒక పెగ్గు ధైర్యం కావాల్సి వచ్చిందన్నమాట. పరాయి భాష పలకడమంటే తన చుట్టూ కట్టుకున్న గోడని కాస్త వదులు చేసుకోవడమే అన్నది గియోరా వాదన, ఆ గోడ అందరికీ ఉంటుంది. ఆ తర్వాత 1986లో హార్విట్జ్ బృందం విదేశీ భాష క్లాసులో వచ్చే టెన్షన్‌ని కొలవడానికి 33 ప్రశ్నల పట్టిక తయారుచేస్తే, ఆసియా దేశాల్లో పరిశోధకులు దాన్ని తెగ వాడారు. కొలవడం బాగానే ఉంది గానీ, ఆ టెన్షన్ అంతా విద్యార్థి లోపలే పుట్టి లోపలే ఉన్నట్టు మాట్లాడతారు చూడండి, అక్కడ నాకు పేచీ. వినేవాడిని కూడా కొలవాలి కదా.

నాతో ఆ పిల్లలు అంత తేలిగ్గా ఎందుకు మాట్లాడేవాళ్లు? మొదట్లో అది నా మంచితనమే అనుకుని మురిసిపోయాను. ఒకమ్మాయి కుండబద్దలు కొట్టింది: "నీకూ యాస ఉంది కదా, నువ్వు నన్ను దిద్దవు." నేను జడ్జిని కానన్నమాట. ఫరాంగ్, అంటే తెల్లవాడు, జడ్జి. దీని వెనక ఇంకో చేదు కూడా ఉంది. భారతీయుల్ని అక్కడ 'ఖేక్' అంటారు, ఆ మాటలో ఎప్పుడూ గౌరవమే ఉంటుందని చెప్పలేను. ఇంగ్లీషు టీచర్ల ఉద్యోగ ప్రకటనల్లో నేటివ్ స్పీకర్ కావాలని రాస్తారు, చాలాసార్లు దాని అర్థం తెల్లగా ఉండాలని. పెద్ద సంఖ్యలో ఉన్న ఫిలిప్పీన్స్ టీచర్లు అదే పని తక్కువ జీతానికి చేస్తారు. ఇంగ్లీషు ఎమ్మే చేసిన మా గుంటూరు స్నేహితురాలు ఒక లాంగ్వేజ్ స్కూల్‌కి ఫోన్ చేస్తే వెంటనే రమ్మన్నారు, మనిషి వెళ్లాక పోస్టు నిండిపోయిందన్నారు. సొంత భాషగా ఇంగ్లీషు ఉన్నవాడి నోటి నుంచి వచ్చిందే ఇంగ్లీషు అని పిల్లలకి చిన్నప్పటి నుంచి ఇలా చూపిస్తూ ఉంటే, ఆ నోటి ముందు వాళ్ల నోళ్లు మూతపడటంలో ఆశ్చర్యం ఏముంది?

"మేం ఎవరికీ బానిసలం కాలేదు, అందుకే మాకు ఇంగ్లీషు రాదు" అని అక్కడ గర్వంగా చెప్పే సమాధానం ఒకటుంది. వినడానికి బాగుంటుంది. కానీ ఎవరికీ లొంగని ఆ సియాం (థాయ్‌లాండ్ పాత పేరు) రాజు మోంగ్‌కుట్ ఇంగ్లీషు నేర్చుకుని, తనదైన వింత వ్యాకరణంతో విదేశాలకి ఉత్తరాలు రాసేవాడు. 1861లో అమెరికా అధ్యక్షుడికి ఏనుగులు పంపుతానని రాస్తే, మా వాతావరణానికి ఏనుగులు పడవు, మాకు ఆవిరి యంత్రాలున్నాయి అని లింకన్ మర్యాదగా జవాబిచ్చాడు. తన పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి 1862లో ఆనా లియోనోవెన్స్‌ని పిలిపించుకున్నదీ ఆయనే. అంటే ఇంగ్లీషు అక్కడ లేక కాదు, పై అంతస్తులో ఆగిపోయింది. ఇప్పటికీ లక్షల ఫీజుల ఇంటర్నేషనల్ స్కూళ్లలో చదివిన బ్యాంకాక్ పిల్లలు గడగడా మాట్లాడతారు, వాళ్లని ఎవరూ క్రదె అనరు, వాళ్లకి అది సహజం అంటారు. మామూలు ఇంటి పిల్ల అదే యాస తెచ్చుకుంటేనే తప్పు. రాజకీయాల్లోనూ ఇదే చూశాం. న్యూకాజిల్‌లో పుట్టి ఈటన్, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన అప్పటి ప్రధాని అభిసిత్ ఇంగ్లీషుని మెచ్చుకునే నోళ్లే, 2011లో ఆయన్ని ఓడించి ప్రధాని అయిన యింగ్‌లక్ ఇంగ్లీషుని తెగ ఎగతాళి చేశాయి. ఆమె అమెరికాలో మాస్టర్స్ చేసిన మనిషి. ఓట్లు మాత్రం యాసని బట్టి పడలేదు.

ఈసాన్ నుంచి వచ్చిన పిల్లలది ఇంకో మెట్టు కింద. దేశానికి ఈశాన్యాన ఉన్న ఆ 20 ప్రావిన్సుల్లో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది లావోకి దగ్గరి భాష. బ్యాంకాక్ వచ్చి ఆ యాసకి ఒకసారి నవ్వించుకుని, దాన్ని అణుచుకుని రాజధాని థాయ్ నేర్చుకున్నాక, ఇప్పుడు ఇంగ్లీషు యాసకి రెండోసారి నవ్వించుకోవాలి. శ్రీకాకుళం నుంచో పాలమూరు నుంచో నగరానికి వచ్చినవాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. అందులో ఆడపిల్లలైతే మరీ. ఆ ప్రాంతం ఆడవాళ్లు తెల్లవాళ్లని పెళ్లి చేసుకోవడం మామూలు కావడంతో, ఒక అమ్మాయి వీధిలో తెల్లవాడితో ఇంగ్లీషులో మాట్లాడుతూ కనబడితే చుట్టూ ఉన్న కళ్లు వేరే కథ అల్లేస్తాయి. దారి అడిగినవాడికి దారి చెప్పడానికి కూడా వెనకాడే అమ్మాయిలు ఉన్నారంటే అది ఇంగ్లీషు సమస్యేనా?

ప్రభుత్వం చేసింది ఏమీ లేదని అనను. 2015లో ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) కమ్యూనిటీ వస్తోందని 2012ని ఇంగ్లీషు మాట్లాడే సంవత్సరంగా ప్రకటించి, వారానికో రోజు, సోమవారాలు, బడుల్లో ఇంగ్లీషు మాట్లాడాలన్నారు. వారంలో ఒక రోజు యూనిఫారం మార్చుకున్నట్టు భాష మార్చుకోమంటే ఎవరు మార్చుకుంటారు! నిజానికి ఆసియాన్ అన్న మాటలోనే వాళ్లకి దారి ఉంది. మనకీ వాళ్లకీ పెద్ద తేడా ఒకటుంది. తెలుగబ్బాయి ఇంగ్లీషు మాట్లాడేది ఎక్కువగా ఇంకో భారతీయుడితో, బెంగళూరులో మలయాళీ మేనేజరుతో, ఢిల్లీలో పంజాబీ రూమ్మేట్‌తో. అవతలివాడిదీ యాసే, ఎవరూ ఎవర్నీ దిద్దరు, కొన్నాళ్లకి గాడిలో పడిపోతాం. థాయ్ పిల్లకి ఆ వీలు లేదు. లావోస్ వాళ్లతో థాయ్ సరిపోతుంది, పనికోసం వచ్చిన మయన్మార్ వాళ్లు థాయ్ నేర్చుకుంటారు. దాంతో ఇంగ్లీషంటేనే ఫరాంగ్, నోరు తెరిచిన ప్రతిసారీ దేశం మొత్తానికి ప్రతినిధి అయిపోవడమే. మా చుట్టుపక్కల క్యాంపస్‌లో వియత్నాం, నేపాల్, ఇండోనేషియా విద్యార్థులతో కలిపి ప్రాజెక్టు ఇస్తే ఇదే పిల్లలు కొన్ని వారాల్లో వాదించుకునే దాకా వచ్చేవాళ్లు, విరిగిన ఇంగ్లీషులోనే, "సేమ్ సేమ్" అనుకుంటూ. ఆసియాన్ చార్టర్‌లోనే పని భాష ఇంగ్లీషు అని రాసి ఉంది. అలాంటప్పుడు ఖర్చు పెట్టి లండన్ గొంతు తెచ్చేకన్నా పక్క దేశం పిల్లల్ని ఒక సెమిస్టర్ తెచ్చి కూర్చోబెట్టడం మేలు అంటాను.

ఇదంతా చెప్తే, బ్యాంకాక్‌లో హోటల్ రిసెప్షన్‌లో పనిచేసే ఒక స్నేహితురాలు ఒప్పుకోలేదు. "గెస్టు ఎవరో నేను ఎంచుకోలేను కదా పీ" అంది. 2019లో దాదాపు 4 కోట్ల మంది విదేశీయులు వచ్చిన దేశం, ఆమె మాట కొట్టిపారేయలేను. కానీ ఆమెకి ఆ ఉద్యోగం తెచ్చిన టోయిక్ ఇంగ్లీషు పరీక్ష చూడండి, 990 మార్కులకి వినడం, చదవడం తప్ప నోరు తెరిచే పనే లేదు. మంచి స్కోరుతో చేరి, మొదటి నెలంతా ఫోన్ మోగితే బాత్రూమ్‌లోకి పోయేదట. ఆ భయం పోగొట్టింది నైట్ షిఫ్టులో తోడున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి, రాత్రిళ్లు లాబీ ఖాళీ అయ్యాక ఇద్దరే కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు గెస్టులు వెళ్లాక వాళ్ల యాసల్ని ఇద్దరూ అనుకరించి నవ్వుకుంటారట, ముఖ్యంగా ఆస్ట్రేలియా వాళ్లవి, ఆ తర్వాత మనవాళ్లవి. మనది ఎలా ఉంటుందో చేసి చూపించమన్నాను. చేసింది. అచ్చం మా బాబాయే.